పంజాగుట్ట దాకా వచ్చిన ఊరి పీడ

మా ఊళ్లో కోళ్లు చచ్చిపోవడం మొదలైనప్పుడు నేను అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటూ, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటున్నాను. కోళ్ల తర్వాత మేకలు పోయాయి. ఆపై బోరులో ఎర్రనీళ్లొచ్చాయి. ఇక ఊరు మిగలదని జనం తేల్చేసుకుని, ఎలాగూ పోతాం కదా అని బతికున్న కోళ్లన్నీ కోసుకు తిన్నారు.

అమ్మ ఫోన్ చేసింది. "శివసత్తికి పూనకమొచ్చింది బిడ్డా. పీడకుండ నువ్వే ఎత్తాలన్నది. జల్ది రా."

శివసత్తి అంటే మా ఊళ్లో అమ్మవారు పూనే మనిషి. పీడకుండ అంటే పసుపునీళ్లు, వేపమండలు వేసిన కుండ. దాన్ని నెత్తిన పెట్టుకుని పొలిమేర దాటించి, నాలుగు బాటలు కలిసేచోట దించి, వెనక్కి చూడకుండా రావాలి. చూస్తే పీడ వెంటబడుతుందట. నాకు బల్లి అంటే భయం, లిఫ్టు అంటే భయం. ఇంటర్వ్యూలో నా గురించి చెప్పమన్నా భయమే. "పరీక్ష ఉందమ్మా" అన్నాను. పరీక్షా లేదు, పాడూ లేదు. ఊరు పోతే పోనీ, నేనుంటే చాలదా అనుకున్నాను. ఏం చెయ్యను, నా గుండె అంతే.

మర్నాడు హాస్టల్ వార్డెన్ పిలిచింది. ఆవిడది కోస్తా, ఏం చూసినా తిండే అనుకుంటుంది. "మీ అమ్మగారు వచ్చారు. ఆ కుండలో ఏంటి, పచ్చడా?"

గేటు దగ్గర అమ్మ, చేతుల్లో ఎర్రబట్ట కట్టిన కుండ. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఊరి పీడను బస్సెక్కిస్తరా ఎవరన్న?"

"మొత్తుకోకు. నాలుగు బాటలు యాడున్నయో చూపియ్యి."

నాకు తెలిసిన నాలుగు బాటలంటే పంజాగుట్టే. ఆటో ఎక్కాం. "కుండల ఏముందక్కా?" అని డ్రైవర్ అడిగాడు. అమ్మ ఉన్నమాట చెప్పేసింది. అతను చౌరస్తాకు చాలా ముందే మమ్మల్ని దించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఫుట్‌పాత్ మీద అమ్మ కుండ నా ముందుకు చాపింది. నేను వెనక్కి జరిగాను. అమ్మ వెనక్కి చూడబోయి, చటుక్కున ఆగింది.

"శివసత్తి నీ పేరు జెప్పలే బిడ్డా. నా పేరే జెప్పింది. ఊరంత సూస్తుండంగ ఎత్తుకొని నడిచిన. పొలిమేర దాటినంక ఒక్కదాన్నే అయిన. ఎనక ఎవరో వస్తున్నట్టే ఉండె. బస్సొస్తే ఎక్కిన. ఇది దించకుండ ఇంటికి పోతే, రేపు ఎవరు సచ్చినా నా మీదికే వస్తది. నాకు మస్తు భయమైతుంది."

నా కోపం దిగిపోయింది. పుట్టినప్పటి నుంచీ నాలో ఉన్న భయం ఎవరిదో తెలిసింది. పాపం, ఆమె దాన్ని ఎవరికీ చెప్పుకోకుండా ఇన్నాళ్లూ మోసింది. కుండ తీసుకుని నెత్తిన పెట్టుకున్నాను.

చౌరస్తాలో మెట్రో పిల్లర్ పక్కన దించుతుంటే ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు. "ఏమ్మా, గీడ పెడుతున్నవేంది? గందుల ఏముంది?"

"ఊరి పీడ సారు" అంది అమ్మ.

ఆయన గబుక్కున దూరం జరిగి, చెయ్యెత్తి నాలుగు వైపులా బండ్లు ఆపేశాడు. "జల్ది పోన్రి. ఎనకకు సూడకున్రి."

హారన్లు మోగుతుంటే ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని అమీర్‌పేట దాకా నడిచాం.

ఊళ్లో చావులు ఆగిపోయాయి. అంటే, చావడానికి కోళ్లేవీ మిగల్లేదు. ఒక్కతే పీడకుండ దించి వచ్చిందని ఊరంతా అమ్మ ధైర్యాన్ని మెచ్చుకుంది. అమ్మా కాదనలేదు. ఇప్పుడు ఎవరింట్లో పాము దూరినా ఆమెనే పిలుస్తారు. అమ్మ కర్ర పట్టుకుని బయల్దేరుతూ నాకు ఫోన్ చేస్తుంది. పాము బయటికి పోయేదాకా ఇద్దరం లైన్లోనే ఉండి వణుకుతాం.