మండ వేయని దారి

నా చిన్నప్పుడు మా అడవి ఎంత చిక్కగా ఉండేదంటే, లోపలికి పోయిన వాన బయటికి రావడానికి వారం పట్టేది. నమ్మకపోతే టేకులపల్లి వైపు ఎవరినైనా అడగండి, వాళ్ళు పది రోజులంటారు. ఏన్కూరు దాటాక ఆ అడవి అంచునే మా ఊరు. నేను ఏడో తరగతిలో ఉండగా, ఒంటిపూట బళ్ళు మొదలైన రోజుల్లో, ఖమ్మంలో వ్యాసరచన పోటీ పెడుతున్నారని మా సారు చెప్పారు. విషయం అడవి. బడి నుంచి ఒక్కరినే తీసుకుపోతారు.

ఆ ఒక్కరు నేనే కావడం చాలా అవసరం. ఎందుకంటే నేను రైలెక్కానని, చోటు దొరక్క బోనకల్ దాకా డ్రైవరు పక్కనే కూర్చున్నానని, ఆయన అలసిపోతే కూత కూడా నేనే వేశానని అప్పటికే తరగతికంతా చెప్పి ఉన్నాను. రైలుకు ఎన్ని చక్రాలుంటాయని ఒక పిల్ల అడిగినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఖమ్మం పోతే ఒక్కసారి స్టేషన్ చూసి రావచ్చు.

ఆరు పేజీలు రాశాను. సారు రెండో పేజీలోనే తల ఎత్తి, "ఇది ఏడికి పోతాందమ్మా?" అని అడిగారు. సోమవారానికి మళ్ళీ రాసి తెమ్మన్నారు. అప్పటికీ ఇట్లాగే ఉంటే ఇంకొకరిని తీసుకుపోతానన్నారు.

పక్కింటి అక్క కొత్తగూడెంలో డిగ్రీ చదివేది. ఊళ్ళో మొదటి సెల్‌ఫోన్ ఆమెదే. సిగ్నల్ కోసం దాన్ని పట్టుకుని వాటర్ ట్యాంకు ఎక్కేది. సెలవుకు ఇంటికి వచ్చిందని తెలిసి, శనివారం సాయంత్రం నా కాగితాలు ఆమె చేతిలో పెట్టాను. చదివింది, నవ్వుకుంది, బాగుందనీ లేదనీ అనలేదు. పొద్దున్నే ఇప్పపువ్వుకు పోదామంది. "నువ్వు ముందు నడువు పిల్లా, నేను సద్ది పట్టుకొని ఎనక వస్త" అంది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. అడవిలో ముందు పోయేవాళ్ళు దారి చీలిన చోట ఒక పచ్చి మండ విరిచి, తాము పోని దారికి అడ్డంగా పడేస్తారు. వెనక వచ్చేవాళ్ళు దాన్ని చూసి, తెరిచి ఉన్న దారిన వస్తారు. నడక నేర్చిన పిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది. కాని ఆ ఉదయం నాకంటే ముందు ఇంకెవరైనా పువ్వు ఏరుకుంటారేమోనన్న ఆత్రంలో చీలికలన్నీ పరుగున దాటేశాను. లేత పసుపుగా రాలిన పువ్వంతా ఏరి బుట్ట నింపాను. ఎండెక్కింది. ఆకలి దంచుతోంది. అక్క జాడ లేదు.

వెనక్కి వచ్చి చూస్తే, మొదటి చీలిక దగ్గరే రాయి మీద తీరిగ్గా కూర్చుని సద్ది డబ్బా కడుగుతోంది.

"ఈడనే కూసున్నవేందక్కా?"

"మూడు తొవ్వలున్నయ్. నువ్వు ఎటు పోయినవో నాకేం ఎరుక?"

"పిలిస్తే పలుకుదును గదా."

"నీ రాత చదివేటాయన ఖమ్మంల కూసొని నిన్ను పిలుస్తడా? తొవ్వ తెల్వనోడు గింతే, ఆడనే కూసొని సద్ది తింటడు. పప్పు మంచిగ కుదిరింది, మీ అమ్మకు చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. అప్పుడు రాయి వెనక నుంచి మోదుగాకు పొట్లం తీసి ఇచ్చింది. నా సగం అందులో దాచి ఉంచింది. నేను తింటుంటే కొంగు ముడి విప్పి నా ఆరు పేజీలు బయటపెట్టింది.

"మొదటి పేజీల ఎలుగొచ్చింది. తర్వాత వాన, తేనెపట్టు, మీ తాత మోకాలి మందు. నాలుగో పేజీల మళ్ళ ఎలుగు. ఇది అదేనా, దాని తమ్ముడా?"

అదేనని ఒప్పుకున్నాను. ఇంతకీ చదివేవాళ్ళను ఏ చెట్టు దగ్గరికి తీసుకుపోతున్నావని అడిగింది. అడవి చాలా గొప్పదన్నాను. అది చెట్టు కాదు, అడవంతా అంది. ఇంకేవో నాలుగు చెప్పాను, దేనికీ తల ఊపలేదు. చివరికి సంతలో అమ్మబోయే పువ్వున్న బుట్ట వైపు చూస్తూ, అడవి లేకపోతే ఎండాకాలం మా ఊళ్ళో పొయ్యి వెలగదన్నాను. అక్క తల ఊపింది. తర్వాత, ఆ మాట అన్నిటికన్నా ముందు రాయమంది. దాని దగ్గరికి పోని దారులన్నిటికీ మండ వేయమంది.

ఇంటికొచ్చి, కాగితం కలం ముందు పెట్టుకుని తాతయ్య మోకాలికి వేశాను. వానకూ వేశాను. తేనెపట్టుకు వేయడానికి మనసొప్పలేదు. తేనె అమ్మితేనే బియ్యం వస్తాయి కదా అని, అది ఉండొచ్చంది. ఎలుగు వచ్చేది ఇప్పపువ్వు తినడానికే కాబట్టి దాన్ని ఒక్కసారే, ఆ పువ్వు దగ్గరే నిలబెట్టాను. ఒక సంగతి నుంచి ఇంకో సంగతికి మళ్ళిన చోటల్లా ఎందుకు మళ్ళుతున్నానో ఒక వాక్యం రాయించింది. చివర్లో నేను గోదావరి గొప్పతనం ఎత్తుకోబోతే, "చెట్టు కాడికి వచ్చినాంక మళ్ళ కొత్త తొవ్వ జూపెడతవా?" అని కలం లాక్కుంది. మొత్తం రెండున్నర పేజీలైంది.

సోమవారం సారు చదువుతున్నంతసేపూ నేను ఆయన తలనే చూస్తూ నిలబడ్డాను. చివరి దాకా ఎత్తలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "ఎలుగు మంచిగున్నది" అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "చెప్పులు గట్టియి ఏసుకురా, ఖమ్మంల చానా నడవాలె" అన్నారు.

అక్కడ బహుమతి వచ్చిందా అంటే, అడిగేవాళ్ళను బట్టి చెబుతాను. స్టేషన్ మాత్రం చూశాను. చక్రాలు లెక్కపెడుతుండగానే రైలు కదిలిపోయింది.

ఇప్పటికీ ఏది రాసినా, అయ్యాక ఒక రోజు పక్కన పెడతాను. తర్వాత నన్ను ఎరగని మనిషిలా మొదటి వాక్యం దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి నెమ్మదిగా నడుస్తాను. ఎక్కడైనా అడుగు ఆగిందంటే, ఆ చోట ఎవరో కూర్చుని నా సద్ది మూట విప్పుతున్నట్టే ఉంటుంది. లేచి, ఒక మండ విరుచుకొస్తాను.