ఎర్రమట్టితో అలికిన మూల

కుండీలో మొక్కకు నీళ్లు పోసినప్పుడల్లా తడిసిన ఎర్రమట్టి వాసన లేస్తుంది. ఇక నాకు పని సాగదు. మనసు గోపాల్‌పేటలోని మా మట్టి ఇంటికి, దాని పడమటి మూలకు పోయి కూర్చుంటుంది.

ఆ మూల షబానాది. పల్లిచేలల్లో మా అమ్మ పక్క సాలులో కలుపు తీసే మహబూబీ జ్వరంతో పోతూ పోతూ, "నా బిడ్డను నమాజు ఇడవనియ్యకు అక్కా" అని అమ్మ చేత చేతిలో చెయ్యి వేయించుకుందట. అట్లా పదేళ్ల షబానా, వాళ్లమ్మ నమాజు చాపను చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. జొన్నరొట్టెను ఉల్లికారంతో ఒకే పళ్లెంలో తిన్నాం, కాల్చిన పల్లికాయలు ఒడిలో పోసుకుని వాడంతా తిరిగాం, తొక్కుడుబిళ్లలో తొండి చేసిందని జుట్లు పట్టుకున్నాం.

మా అమ్మ ఏం చేసినా అతిగానే చేస్తుంది. రోజూ కోడి కూయగానే లేచి, ఆ మూలను పచ్చి పేడతో నున్నగా అలికి, చుట్టూ ముగ్గు వేసి పిలిచేది. తనకు తెలిసిన మర్యాదల్లో అంతకు మించింది లేదు. షబానా మాత్రం "పెరట్ల చేసుకుంట పెద్దమ్మా" అని జారుకునేది. చలికి పళ్లు కొట్టుకునే ఒక పొద్దున నేను వెనకే వెళ్లి చూస్తే, గడ్డివాము పక్కన చాపను ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. నా నోరు ఆగుతుందా, అమ్మకు చెప్పేశాను.

"నమాజు ఇడిస్తివా బిడ్డా? మీ అమ్మకు నేనేం జవాబు చెప్పాలె?" అమ్మ నిలదీసింది.

షబానా భోరుమంది. "పెండ తగిలితె నమాజు చెల్లదని, దాని మీద చాప పరవొద్దని అమ్మ చెప్పేది. నువ్వు గంత పావురంగ, పానం పెట్టి అలుకుతుంటె, వద్దననీకె నోరు రాలె పెద్దమ్మా. పెరట్లనేమో ఎడ్లుంటయి, ఆడ గూడ పెండనే."

అమ్మ తల పట్టుకుంది. మధ్యాహ్నానికల్లా ఆ మూలను పారతో గీకి, గట్టు మీది ఎర్రమట్టి తట్టలతో తెచ్చి, కడవల కొద్దీ నీళ్లు పోసి తొక్కి, ఉత్త మట్టితో అలికింది. మర్నాడు షబానా చాప పరిచి నిలబడితే, అమ్మ చేతిలోని చేటను చప్పుడు కాకుండా కింద పెట్టి నన్ను గదమాయించింది: "గప్‌చుప్ కూసో. పిల్ల నమాజుల ఉంది." ఆ రోజు అమ్మ ముఖంలోని నెమ్మది నాకింకా గుర్తే.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అలుకూ లేదు, పల్లికాయలు కాల్చిన కమురు వాసనా లేదు. వనపర్తిలో షబానా ఇల్లంతా టైల్సే. మోకాళ్ల నొప్పులకు దవాఖానలో చూపించుకోవడానికి వచ్చిన అమ్మ నెలరోజులుగా అక్కడే ఉంటోంది. నిన్న నేను వెళ్లేసరికి, షబానా అమ్మ పూజకని గోడలో ఒక గూడును కడిగి, పసుపు రాసి, దీపం పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని అడుగుతోంది:

"గిట్లనేనా పెద్దమ్మా? తప్పయితె జర నోరు తెరిచి చెప్పు. నా లెక్క పెరట్లకు పోయి కూసోకు."