మీరే ఉంచుకోండి

విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టిన రోజు నుంచి మేమిద్దరం చాలా మర్యాదస్తులమైపోయాం. పదకొండేళ్ల కాపురంలో ఒక్కసారీ వినని మాటలు, "పర్వాలేదండీ", "మీ వీలునుబట్టి", "మీరెలా అంటే అలా", మా ఫోన్లలో రోజూ వినిపించేవి. పాప ముందు గొంతు పెంచకూడదన్నది మేం పెట్టుకున్న ఒకే ఒక్క షరతు. మూడేళ్లపాటు దాన్ని ఎంత నిష్ఠగా పాటించామంటే, ఇందులో సగం నిష్ఠ అప్పుడే ఉంటే కోర్టుదాకా వెళ్లేవాళ్లే కాదని మా ఇద్దరి బంధువులూ నిట్టూర్చేవారు.

పాప వాళ్లమ్మ బ్యాంకు ఉద్యోగి. ఊరికి ఆ కొసన ఆల్థాన్‌లో ఉండేది. నేను పత్రిక డెస్కులో పనిచేస్తూ ఈ కొసన వరాఛాలో అద్దెకుండేవాణ్ని. పాప ఒక వారం అక్కడ, ఒక వారం ఇక్కడ. శనివారం సాయంత్రం అప్పగింత. తను బ్యాంకులో ఛార్జి అప్పజెప్పినట్టే వరసగా చెప్పేది. "దగ్గు లేదు. లెక్కల హోంవర్కు సగమే అయింది. ఎడమకాలి చెప్పు తెగింది, చూసుకోండి." నేను తలూపేవాణ్ని. సంతకం ఒక్కటే తక్కువ.

కరోనా మొదటి ఏడాది వానాకాలం. మా వైపు వజ్రాలు సానబట్టే కార్ఖానాలు తెరిచినట్టే తెరిచి మళ్లీ మూతపడ్డాయి. ఒక గురువారం ఉదయం మునిసిపాలిటీవాళ్లు మా వీధి మొదట్లో వెదురుబొంగులు, రేకులు దింపారు. వీధి చివరి బిల్డింగులో కేసులు వచ్చాయట. సాయంత్రం ఆరింటికి వీధి మూసేస్తాం, పద్నాలుగు రోజులు, అవసరమైతే ఇంకా పొడిగిస్తాం అన్నారు. వేరేచోట ఉండదలచినవాళ్లు ఈలోపే వెళ్లిపోవాలి.

ఆ వారం పాప నా దగ్గరుంది. తొమ్మిదేళ్లది. హాల్లో ఆన్‌లైన్ క్లాసు వింటోంది. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, ఫోను స్పీకర్లో పెట్టి వాళ్లమ్మకి చేశాను.

"వీధి మూసేస్తున్నారండీ. పాపని మీ దగ్గరికి పంపించమంటారా?"

"మీ వారం కదండీ. మీరే ఉంచుకోండి."

"అయ్యో, వారాలదేముంది? మీకు ఇబ్బంది లేకపోతే మీరే ఉంచుకోండి."

"నాకేం ఇబ్బంది? మీకు కష్టమనిపిస్తే చెప్పండి, వచ్చి తీసుకెళ్తాను."

"కష్టమేముందండీ? మీ ఇష్టం."

"కాదు కాదు, మీ ఇష్టం."

నాకు పాప కావాలి. పద్నాలుగు రోజులు ఆ ఇంట్లో ఒక్కణ్నీ ఉండాలంటే కొంచెం భయం కూడా. కానీ ఆ మాట అంటే తనని ఇరకాటంలో పెట్టినట్టవుతుందని అనలేదు. మధ్యాహ్నం మాట్లాడుకుందామని చాలా సామరస్యంగా ఫోను పెట్టేశాం.

అరగంట తర్వాత బెల్లు మోగింది. తలుపు తీస్తే కింది అంతస్తులో ఉండే కాఠియావాడీ గుజరాతీ పెద్దావిడ. అందరూ ఆవిణ్ని 'బా', అంటే అమ్మా, అంటారు. మాస్కు గడ్డం కిందికి జారింది. ఆవిడ వెనకాల మా పాప, భుజాన స్కూలు బ్యాగుతో. క్లాసు మధ్యలో ఎప్పుడు దిగి వెళ్లిందో నేను చూడనేలేదు.

"ఏం భాయ్," అంది బా, హిందీలో గుజరాతీ కలిపి. "మీ అమ్మాయి మా ఇంట్లో పద్నాలుగు రోజులుంటానంటోంది. తులసికి నీళ్లు పోస్తుందట. పూటకి రెండే రోటీలు తింటుందట. నాకైతే బేరం బాగానే ఉంది. నీకొక మాట చెబుదామని వచ్చా."

"ఇదేంట్రా?" అన్నాను పాపతో.

"మరేం చెయ్యను? నువ్వు మీరే ఉంచుకోండి అంటావు. అమ్మ కూడా అదే అంటుంది. దోనో నా బోల్‌తే హై, ఇద్దరూ వద్దనే. బా ఒక్కతే ఆవ్ ఆవ్, రా రా అంది."

ఏడవలేదు. హోటల్లో గది దొరకని ప్రయాణికురాలు చెప్పినట్టు చెప్పింది. అందుకే గట్టిగా తగిలింది.

"ఇంత మర్యాదగా పిల్లని పంచుకోవడం నేనెక్కడా చూళ్లేదు బాబూ," అని బా మెట్లు దిగి వెళ్లిపోయింది.

పాపని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, వీడియో కాల్ చేశాను.

"పాప నా దగ్గరే ఉంటుంది. ఇంక చర్చ లేదు."

"ఎవర్నడిగి?"

"ఎవర్నడగాలి? నా వారం."

"మీ వారం ఎల్లుండితో సరి. తర్వాతది నాది. రేకులు కొట్టేశాక నా వారం ఎవరిస్తారు, మునిసిపాలిటీ ఇస్తుందా?"

"ఇందాక ఉంచుకోమన్నది నువ్వేగా?"

"అంటే మాత్రం? ఉంచేసుకుంటారా? మీరు ఫోన్ చెయ్యకముందే, మూసే వీధుల పేర్లు చూడగానే సెలవు పెట్టాన్నేను. పద్నాలుగు రోజులు!"

"నేనూ ఆఫీసుకి చెప్పేశాను, ఇంటినుంచే పనిచేస్తానని. ఇదిగో చూడు." ఫోను వంటింటి అలమారా వైపు తిప్పాను. "పది ప్యాకెట్లు సేమ్యా. నాలుగు డబ్బాలు పాలపొడి. నేను తాగడానికా?"

"సేమ్యా! రోజూ సేమ్యా పెడతారా పిల్లకి?"

"నీ బీరకాయ కూరకన్నా నయమే."

"బీరకాయ జోలికి రాకండి, చెప్తున్నా!"

మూడేళ్లు మూలనపడేసిన పనిముట్లు ఒక్కటీ తుప్పు పట్టలేదు. ఎప్పుడో వాళ్ల తమ్ముడి పెళ్లికి నావల్ల రైలు తప్పిపోయిన సంగతి తను తీసింది. ఆ రైలు తప్పింది తన జడ కుచ్చుల వల్లనని నేను రుజువు చెయ్యబోతూ, షరతు గుర్తొచ్చి పాప వైపు చూశాను.

బ్యాగు కింద పడేసి, స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పడంలాంటి ఖాఖ్రా రొట్టె కొరుకుతూ, బ్యాడ్మింటన్ చూస్తున్నట్టు నా వైపు ఒకసారి, ఫోను వైపు ఒకసారి తల తిప్పుతోంది.

"ఆగిపోయారేం? నాన్నా, ఇప్పుడు నీ ఛాన్సు."

ముందు తనే గొంతు తగ్గించింది. "అది కాదు. మూసేసిన వీధిలో దీనికి జ్వరమొస్తే ఎలా బయటికి తీసుకొస్తారు?"

ఓడిపోయాను.

"ఐదింటికల్లా రా," అన్నాను.

వచ్చింది. అప్పటికే వెదుళ్లు నిలబెట్టారు. మనిషి పట్టేంత సందు మాత్రం మిగిలింది. అందులోంచి బ్యాగు, సేమ్యా ప్యాకెట్లు అందించాను. తను ప్యాకెట్ల వంక ఒక చూపు చూసి, స్కూటీ డిక్కీలో వేసుకుంది. పాప స్కూటీ వెనక ఎక్కి నన్ను పిలిచింది.

"నాన్నా, నువ్వు నన్ను ఇవ్వనన్నావు కదా?"

"అన్నాను."

"గట్టిగా అన్నావు. బాకి కూడా వినపడిందట."

వీధి పద్నాలుగు రోజులకి తెరవలేదు. పొడిగించారు. ఆ కబురు తెలిసిన సాయంత్రం ఆల్థాన్ నుంచి ఫోన్.

"నాన్నా, వీధి తెరిచినా ఇంకో వారం నన్ను పంపనంటోంది అమ్మ. నువ్వేమంటావ్?"

"నేనెప్పుడన్నానే?" అని వెనకాల తన గొంతు.

"కుదరదని చెప్పు," అన్నాను, కుర్చీలోంచి లేచి, వీలైనంత గట్టిగా.