నూరేళ్ల పెళ్లికొడుకు

నా పెళ్లి చెడగొట్టబోయిన శత్రువు ఎవరో తెలుసా? నేనే. ఆయుధం, కంప్యూటర్ తెర మీద ఒక చిన్న గడి.

కరోనా కాలం. సూరత్‌లో మా తెలుగువాళ్లుండే లింబాయత్ పేటలో, మా భజన మండలి మందిరంలో టీకాల శిబిరం పెట్టారు. ముందు ముసలివాళ్లకు. "పేర్లన్నీ వయసువారీగా ఎక్కించు బిడ్డా" అన్నాడు మండలి పెద్ద నర్సయ్య బాబాయి.

డేటాబేస్‌లో ఫారం తయారుచేశాను. పుట్టినతేదీ కొడితే పక్క గడిలో వయసు దానంతటదే వస్తుంది! ఆ అంకె గడిలో దాక్కుని ఉంటుందా, మనం చూసినప్పుడల్లా కొత్తగా పుడుతుందా? సృష్టి గురించి ప్రవచనం విన్నప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు, దేవుడు క్షమించాలి.

చిక్కల్లా, మా ముసలమ్మలకు తిథి తెలుసు, తేదీ తెలియదు. తేదీ లేకపోతే గడిలో "ఎర్రర్" అని వస్తోంది. పెద్దవాళ్ల పేరు పక్కన ఆ మాటా? అపచారం! భక్తి పొంగి, తేదీ ఖాళీగా ఉంటే నూరు చూపించమని సూత్రం రాశాను. రోజూ నూరేళ్లు బతకమని దీవిస్తాం కదా, కంప్యూటర్ దీవిస్తే తప్పేముంది?

వినయం కొద్దీ నా పేరు ఆఖరున కొట్టాను. తేదీ మరిచాను. పెద్ద వయసు పైకి వచ్చేలా పేర్చి, జాబితా మండలి వాట్సాప్‌లో పెట్టేశాను.

వెంటనే ఊరి అవతలి కొసన ఉన్ అనే పేట నుంచి ఫోన్. నాకు పిల్లనిస్తానన్న లింగయ్య మామ, ఆయనా ఆ గ్రూపులోనే ఉన్నాడు. పెళ్లిచూపులు వీడియో కాల్‌లోనే అయ్యాయి లెండి.

"ఏంది పిలగా, నీకు నూరేండ్లా?"

"ఇరవై ఆరే మామా!"

"లిస్టుల మొదటి పేరు నీదే. మా అవ్వ గుడ నీకంటె చిన్నదే. ఆనాడు సగం మొఖం మాస్కులనే దాసినవ్. నా బిడ్డనెట్లియ్యాలె?"

వయసు గడిలో ఇరవై ఆరు కొట్టాను. ఎక్కలేదు. గట్టిగా కొట్టాను. గ్రహణం రోజు గుడి తలుపులా కదల్లేదు. లెక్కకట్టే గడిలో చేత్తో రాయడం కుదరదట!

సాయంత్రానికి మామ మందిరంలో ప్రత్యక్షం. ఆయన ఎదుటే నా పుట్టినతేదీ కొట్టాను. నూరు పోయి ఇరవై ఆరు వచ్చింది.

మామ కళ్లు పెద్దవయ్యాయి. "గిదేం మాయ? జర నాది గుడ చూడు."

"తేదీ చెప్పు మామా."

"ఎవలికెరుక? హనుమాన్ జయంతి నాడు పుట్టిన."

పేరు కొట్టాను. నూరు!

"అచ్ఛా! అయితే లైన్ల ముంగట నేనేనా?"

"తప్పు మామా, తీసేస్త."

"నీది తీసేసినవ్ గదా, చాలు. నాది ఉండనియ్యి!"

ఆయన బతిమాలుతుండగానే సూత్రం చెరిపేశాను. పిల్లనైతే ఇచ్చాడు. పెళ్లిలో నర్సయ్య బాబాయి "నూరేండ్లు సల్లగుండు" అని నా మీద అక్షింతలు వేయబోతే, మామ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అల్లునికి అవెప్పుడో వచ్చినయి నర్సన్నా, గియ్యి నా బిడ్డకెయ్యి!"

అందుకే భక్తులారా, అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట దీవించాల్సి వస్తే నోటితోనే దీవిస్తాను, ఫారంలో మాత్రం ఎవరికీ ఆయుష్షు పోయను.