కడిగిన ముక్కులు

డాక్టర్ రాజేశ్వర్ రావుకు చీమిడి అంటే అసహ్యం. పిల్లల డాక్టరట, చీమిడి పడదట! ఏ మహానుభావుడు పట్టా ఇచ్చాడో గానీ, 1984 చలికాలంలో వరంగల్లులోని మా దవాఖానలో జలుబు, ఆయాసాల మీద పరిశోధన ఆయన చేతికే వచ్చింది. వైరస్ దొరకాలంటే దూదిపుల్ల గొంతులో పెట్టాలా, ముక్కులో పెట్టాలా? అది తేల్చాలి. ఆ పుల్లలను ఐసు డబ్బాలో హైదరాబాదు ల్యాబుకు పంపడం నా పని.

గొంతు పుల్ల డాక్టరే పెట్టేవాడు. ముక్కు పుల్ల మాత్రం ఆయా మొగిలమ్మ మీదికి తోశాడు. రోజుకూలీ మనిషి, నెక్కొండ నుంచి రైల్లో వచ్చేది. పొలం పనికి నడుము వంగక ఈ పనిలో చేరింది. ముక్కు పద్ధతి గెలిస్తే పర్మనెంటు చేయిస్తానని ఆయన మాటిచ్చాడు. పాపం, నమ్మింది.

"చీమిడి కారే పోరగాండ్లను నా ముందుకు తేవద్దు. ఉప్పునీళ్లతోని లోపలిదాక కడుగు" అన్నాడు మొదటిరోజే. ఆమె కడిగి, ఆ తర్వాత పుల్ల పెట్టేది. నలభై మంది పిల్లల్లో గొంతు పుల్ల పదకొండు మందిలో వైరస్ పట్టింది, ముక్కు పుల్ల ఇద్దరిలో.

"ముక్కు దండుగ" అని తేల్చేశాడు.

మొగిలమ్మ ముఖం మాడిపోయింది. "కడిగినంక ఏం మిగులుతది సారూ? ఉన్నదంతా నీళ్లతోని మోరీల కొట్టుకపాయె."

"నువ్వు నాకు చదువు చెప్తవా?"

నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత వచ్చిన పది మంది పిల్లలకు, ఆయన చూడకుండా, ముందు పుల్ల పెట్టి ఆ తర్వాతే కడిగి గొంతు పుల్లకు ఆయన దగ్గరికి పంపమని ఆమెకు చెప్పాను. ఫలితం వచ్చింది: ముక్కులో ఎనిమిది, గొంతులో మూడు. ఆ కాగితం ఆయన బల్ల మీద పెట్టాను.

"ఇవి నా పద్ధతి ప్రకారం తీసినవి కావు" అని చెత్తబుట్టలో పడేశాడు. రిపోర్టు అప్పటికే టైపయిపోయింది మరి. మొగిలమ్మను రేపటి నుంచి రావద్దన్నాడు. అక్షరం ముక్క రాని మనిషికి తెలిసింది ఈ చదువుకున్న మొద్దుకు తెలియలేదు.

ఆమె టిఫిన్ డబ్బా సర్దుకుంటుండగా ఒక తల్లి పసివాణ్ణి తెచ్చి ఆయన బల్ల మీద కూచోబెట్టింది. చీమిడి పెదవి దాకా కారుతోంది. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"మొగిలమ్మా, జర తుడువు."

ఆమె చెప్పులు వేసుకుంది. "నా నౌకరి తీసేసిండ్రు గద సారూ. మీరే తుడువుండ్రి."

పసివాడు ఆయన కోటు మీద తుమ్మాడు. రుమాలు కోసం జేబులు వెతుక్కుంటున్న ఆ పెద్దమనిషిని వదిలేసి, మొగిలమ్మను స్టేషను దాకా సాగనంపడానికి నేనూ బయటికి నడిచాను.