ఉప్పు చూసినందుకు

2005 ప్రాంతంలో భద్రాచలం దగ్గర ఒక ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో వంట చేసేదాన్ని. మిషన్లు బిగించడానికి వచ్చిన స్వీడన్ ఇంజినీరు తమ దేశపు కూర నేర్పాడు. ప్రతి ఆదివారం కైమా ఉండలు వెన్నలో వేయించి, మీగడ గ్రేవీలో ఉడికించి, వారానికి సరిపడా డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని.

ఒక ఆదివారం నేను ఒక ఉండ నోట్లో వేసుకోవడం గెస్ట్‌హౌస్ మేనేజరు చూశాడు.

"సారు తినేది ఎంగిలి జేస్తవా? అడవిల పుట్టినదానికి గివి గావాల్నా?"

"ఉప్పు చూసిన సార్, గంతే."

కూరంతా నా చేతనే కుక్కలకు పోయించాడు. ఇంజినీరు గుమ్మంలోనే ఉన్నాడు. ప్రతివారం ఉప్పు చూడమని చెంచా అందించేది ఆయనే. లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

మర్నాడు రుచి చూడకుండానే మళ్లీ వండాను. ఇంజినీరు ఆ కూరే తిన్నాడు. నలుగురి ముందు నోరు విప్పని మంచితనాన్ని నేను మళ్లీ నమ్మలేదు.