పూతకీ వికెట్టుకీ ఒకటే చట్టం

బంతి ఎందుకు తిరుగుతుందో మా నూజివీడులో ఎవరికీ తెలియదు గానీ, వికెట్ ఎందుకు పడిందో మాత్రం అందరికీ తెలిసేది. ఎవరో కాలు కదిపి ఉంటారు. ఎవరో తుమ్మి ఉంటారు. లేదా రాకూడని మనిషి గుమ్మంలోకి వచ్చి ఉంటుంది.

అరవైల మొదట్లో సంగతి ఇది. మా వీధి మొత్తానికి రేడియో మా పెదనాన్న ఇంట్లోనే ఉండేది. ఆయనకి ఊరి బయట మామిడి తోటలు ఉండేవి, ఊళ్ళో పెద్దమనిషి హోదా ఉండేది. టెస్ట్ మ్యాచ్ రోజుల్లో ఆయన హాలు నిండిపోయేది. ఏటా ఆయన తోటల కాపు కొనే వ్యాపారి, ఒక ప్లీడరుగారు, హనుమాన్ జంక్షన్ నుంచి పనిగట్టుకుని బస్సెక్కి వచ్చే లారీల ఓనరు, ఇంకా చుట్టుపక్కల వాళ్ళు, నేను. కామెంటరీ ఇంగ్లీషులో వచ్చేది. సగం మందికి స్కోరు తప్ప ఏమీ అర్థమయ్యేది కాదు. అయినా ఒక్కరూ కదిలేవారు కాదు. కదిలితే వికెట్ పడుతుందని భయం.

మేమంతా అభిమానించే బ్యాట్స్‌మన్ ఒకాయన ఉండేవాడు. పేరు చెప్పను, ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన క్రీజులో ఉన్నంతసేపూ వ్యాపారి కాలు మీద కాలు వేసుకునే కూర్చునేవాడు. తిమ్మిరెక్కి కళ్ళల్లో నీళ్ళు తిరిగినా దించేవాడు కాదు. పెదనాన్న కండువా ఎడమ భుజం మీదే ఉండాలి. ఒకసారి ప్లీడరుగారు ఉగ్గబట్టుకోలేక పెరట్లోకి పరిగెత్తారు. తిరిగొచ్చేసరికి వికెట్ పడింది.

"ఏవండీ, కోర్టులో ఊరికే వాయిదాలు అడుగుతారుగా, ఇదొక్కటీ లంచ్ దాకా వాయిదా వేసుకోలేకపోయారా?" అని వ్యాపారి ఆయన్ని నెల్లాళ్ళు ఏడిపించాడు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. మగవాడి మీద పడ్డప్పుడు ఈ నమ్మకాలు హాస్యంతో సరిపోతాయి. ఆడదాని మీద పడ్డప్పుడు సంగతి వేరు.

బావ పోయాక మా అక్క మా ఇంటికి తిరిగొచ్చింది. అప్పటికి ఆమెకి పాతికేళ్ళు నిండలేదు. బావ బందరులో చదువుకునే రోజుల్లో కాలేజీ టీములో బౌలరు. పెళ్ళయ్యాక పెరట్లో నిమ్మకాయ బంతిగా, బట్టలు ఉతికే బండ వికెట్‌గా పెట్టి ఆమెకి ఆట నేర్పాడు. ఒకసారి మద్రాసు తీసుకెళ్ళి ఆ బ్యాట్స్‌మన్ ఆట చూపించాడు. ఆయన కొట్టిన ఫోరు సరిగ్గా వీళ్ళ ముందుకే వచ్చిందట. బావ ఎగిరి గంతేసి పక్కాయన కాఫీ ఒలకబోశాడట. ఆయన తిట్టబోతే, "మీ కాఫీ నేను కొనిస్తానండీ, ఆ షాట్ మీరు కొనిపెట్టగలరా?" అన్నాడట. అక్క ఇది నాకు ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ నవ్వేది. బావ గురించి ఆమె నవ్వుతూ చెప్పగలిగినది అదొక్కటే.

అందుకే మ్యాచ్ ఉన్నప్పుడు ఆమె కూడా పెదనాన్న ఇంటికి వచ్చి, వంటింటి గడప దగ్గర కూర్చుని వినేది. ఒకరోజు పెద్దమ్మకి సాయంగా కాఫీ గ్లాసులు పట్టుకుని హాల్లోకి అడుగుపెట్టింది. అదే ఓవర్లో మా బ్యాట్స్‌మన్ క్లీన్ బౌల్డ్.

వ్యాపారి గ్లాసు అందుకోలేదు. "అంతేలెండి. ఎదురొచ్చాక ఇంకేం నిలబడతాడు?" అన్నాడు, రేడియోతో చెబుతున్నట్టు.

నేను లేచాను. "ఎవరికండీ ఎదురొచ్చింది? ఎక్కడో కాన్పూరులో ఆడే మనిషికి నూజివీడులో ఉన్న మా అక్క ఎదురెలా వస్తుంది?"

"నువ్వు కూర్చోరా," అన్నాడు పెదనాన్న. ఆ తర్వాత అక్క ముఖం చూడకుండా, "అమ్మాయ్, కాఫీలు మీ పెద్దమ్మ తెస్తుందిలే. నువ్వు లోపల ఉండమ్మా," అన్నాడు.

ఆ 'అమ్మా' తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. ఆ మెత్తదనాన్ని ఏం చెయ్యను? అంతకు ముందు ఏడాదే గ్రంథాలయ వార్షికోత్సవంలో ఈయనే అధ్యక్షుడు. వితంతు వివాహాల మీద గంటసేపు మాట్లాడి, చప్పట్లు కొట్టించుకుని, మెడలో దండతో ఇంటికి వచ్చిన మనిషి ఈయనే.

ఈ చట్టం రేడియో కోసం కొత్తగా పుట్టింది కాదు. తోటలోంచి హాల్లోకి వచ్చింది. మా వైపు మామిడి పూత మీద ఉన్నప్పుడు విధవలు తోటలో అడుగు పెట్టకూడదు, పూత రాలిపోతుందని. పూత రాలేది మంచు వల్ల, తేనెమంచు పురుగు వల్ల అని వ్యవసాయ శాఖ వాళ్ళు వచ్చి చెప్పి వెళ్ళారు. వాళ్ళిచ్చిన మందు చల్లించారు, ఈ నియమమూ ఉంచుకున్నారు. తమాషా ఏమిటంటే, అదే తోటలో, అదే పూత కింద, పాదులు తవ్వి నీళ్ళు మోసే కూలి ఆడవాళ్ళలో మొగుడు పోయినవాళ్ళు ఎంతమందో. వాళ్ళు ఎదురొస్తే పూత రాలేది కాదు. పనికొచ్చే చేతికి అశుభం అంటదు కాబోలు.

తర్వాతి మ్యాచ్‌లో అక్క హాల్లోకి రాలేదు. మా బ్యాట్స్‌మన్ ఎనభై దాటాడు. "చూశారా?" అని వ్యాపారి అందరి ముఖాలూ చూశాడు. నేను ఆగలేకపోయాను. అక్క పొద్దుటి నుంచీ ఆ హాలు గోడకి ఆనుకున్న ధాన్యం గదిలోనే కూర్చుని ప్రతి బంతీ వింటోందని చెప్పాను. నా వాదం గెలిచిందనుకున్నాను.

"అదీ సంగతి!" అన్నాడు వ్యాపారి. "వంద కొట్టాల్సినవాడు ఎనభైలో ఎందుకాగాడా అని నేను ఇందాకటి నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను."

మర్నాటి నుంచి ధాన్యం గదికి తాళం పడింది.

చలికాలంలో పేపర్లో పడింది. మద్రాసు టెస్టే తన ఆఖరిదనీ, ఆ తర్వాత దేశం తరఫున ఆడననీ ఆ బ్యాట్స్‌మన్ ప్రకటించాడు. మోకాలు సహకరించడం లేదని ఆయనే చెప్పాడు. మా హాల్లో మాత్రం అది మోకాలు కాదు, ఏలినాటి శని. ఆయన మోకాలి సంగతి ఆయనకంటే వీళ్ళకే బాగా తెలుసు.

అక్క ఆ వార్త చదివి నాతో అంది: "ఆ ఆఖరి ఆట నేను వినాలిరా. గోడ చాటు నుంచి కాదు. రేడియో ముందు కూర్చుని వినాలి."

నేను వెళ్ళి పెదనాన్నని అడిగాను. "నాకేమన్నా పట్టింపులున్నాయేంట్రా?" అన్నాడాయన. "వచ్చేవాళ్ళు బాధపడతారు, అంతే."

వ్యాపారిని అడిగాను. "నాదేముంది బాబూ, ఇల్లు మీ పెదనాన్నగారిది," అన్నాడు.

మా ఊళ్ళో పట్టింపు ఉన్న మనిషి ఒక్కడూ లేడు. ప్రతివాడూ పక్కవాడి పట్టింపుని కాపాడుతూ బతికేవాడు. ఎవరిదీ కాని ఆ పట్టింపు మాత్రం నా అక్కని గడప అవతల కూర్చోబెట్టగలిగేది.

ఆ రోజు వచ్చింది. ప్లీడరుగారు పెరటి భయంతో రాలేదు, ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. మధ్యాహ్నం రెండో వికెట్ పడింది. మా బ్యాట్స్‌మన్ మైదానంలోకి దిగుతున్నాడు. మద్రాసు జనం కొట్టే చప్పట్లు రేడియోలోంచి వాన కురిసినట్టు వినిపిస్తున్నాయి. అక్క వీధి గుమ్మంలోంచి తిన్నగా లోపలికి వచ్చింది. నలిగిన చీర కాదు, ఉతికి మడతపెట్టుకున్న చీర కట్టుకుంది. వచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది.

వ్యాపారి కాలు దించాడు. నేను చూడగా మా బ్యాట్స్‌మన్ బ్యాటింగ్ మధ్యలో వ్యాపారి కాలు దించడం అదే మొదలు. లేచి, "నేను వెళ్ళొస్తానండీ," అన్నాడు. లారీల ఓనరూ లేచాడు. వాళ్ళ వెనకే మిగతావాళ్ళు.

"అమ్మాయ్..." అన్నాడు పెదనాన్న.

"ఆయన ఇంక ఆడడు పెదనాన్నా. ఇదే ఆఖరు. మీ అల్లుడు నాకు చూపించిన మనిషి."

"తెలుసమ్మా."

"తెలిస్తే విననివ్వండి."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న వ్యాపారి వెనక్కి తిరిగాడు. "ఆఖరి ఆట కదండీ. పాపం సున్నాకి పోతే ఆ ఉసురు మనకెందుకు?"

పెదనాన్న చెయ్యి చాచి రేడియో కట్టేశాడు. చప్పట్లు మధ్యలో తెగిపోయాయి.

నేను ఊరుకోలేదు. మంచు గురించి, పురుగు గురించి, కూలి ఆడవాళ్ళ గురించి, గ్రంథాలయంలో ఆయన మాట్లాడిన మాటల గురించి, అన్నీ ఆయన ముఖం మీదే అడిగాను. చివరికి, "నాతో వాదించకురా. రేడియో నాది," అన్నాడు. ఆ హాల్లో అన్నేళ్ళలో నేను విన్న ఒకే ఒక నిజం అది.

అక్క ఆగిపోయిన రేడియో ముందు నుంచి లేచి, వీధి గుమ్మంలోంచే బయటికి వచ్చేసింది.

మర్నాడు పేపరు వచ్చింది. డెబ్భై పైచిలుకు కొట్టాడు. అవుటై వెళ్తుంటే మైదానం మొత్తం లేచి నిలబడిందట. ఏళ్ళ తరబడి ఆయన కోసం కాళ్ళు తిమ్మిరెక్కించుకున్న మా పెద్దమనుషులు ఒక్కరూ ఆ ఆట వినలేదు. సిగ్గుపడ్డారా? లేదు. "రేడియో కట్టేశారు గనక ఆ మాత్రమైనా కొట్టాడు," అన్నాడు వ్యాపారి. పెదనాన్న తృప్తిగా తలూపాడు. ఇలాంటి బుర్రలతో ఏం వాదిస్తాం? గెలిస్తే ఆమెని దూరం పెట్టినందువల్ల, ఓడితే ఆమె దగ్గరికొచ్చినందువల్ల. ఎటు తిప్పినా ముద్దాయి ఒక్కరే.

అక్క ఆ వార్త రెండుసార్లు చదివి, పేపరు మడిచి నా చేతికిచ్చి, చెప్పులు వేసుకుంది. పట్టపగలు బజారు మధ్య నుంచి నడిచి పెదనాన్న తోటకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. తోటంతా పూత. గాలిలో తియ్యటి వాసన, తేనెటీగల రొద. పెదనాన్న, వ్యాపారి గట్టు మీద నిలబడి పూత చూసి బేరం ఆడుకుంటున్నారు. అక్క వాళ్ళ ముందు నుంచే వెళ్ళి చెట్ల కిందికి నడిచింది. కొమ్మలు ఆమె తలకి తగిలాయి.

"అమ్మాయ్! తోట పూత మీద ఉంది!" అని అరిచాడు పెదనాన్న.

"చూస్తున్నాను పెదనాన్నా, బాగా పట్టింది. రాలితే నా పేరు చెప్పండి. కాస్తే కూడా నా పేరే చెప్పాలి మరి."

వ్యాపారి అక్కడికక్కడే తన ధర దించేశాడు. ఆయన నమ్మకం ఎంత పవిత్రమైనదో నాకు అప్పుడు తెలిసింది.

ఆ వేసవి కాపు విరగకాసింది. అందరికంటే బాగుపడింది వ్యాపారే. దేవుడి దయ అన్నాడు. పెదనాన్న కూడా అదే అన్నాడు. ఎప్పటిలాగే బంధువుల ఇళ్ళకి రసాల బుట్టలు పంపించాడు. మా ఇంటికీ ఒకటి వచ్చింది.

"ఎవరన్నా నా పేరు చెప్పారట్రా?" అని అడిగింది అక్క, ఒక పండు తీసుకుని మెత్తగా పిసుకుతూ.

"లేదక్కా."

"ఆ ఆట మళ్ళీ రాదు. పూత వస్తుందిగా," అంది ముచిక కొరికి ఊస్తూ. "వచ్చే ఏడూ వెళ్తాను."

వెళ్ళింది.